భూతాపం – స్క్రబ్ టైఫస్ వ్యాప్తి: పెనుగొండ పరిసర గోదావరి డెల్టా నేపథ్యంలో పరిశీలన

వ్యాససంగ్రహం

వాతావరణం వేడెక్కేకొద్దీ పురుగుల ద్వారా సోకే జబ్బులన్నీ పెరుగుతాయన్న అభిప్రాయం ప్రచారంలో ఉంది. నల్లిజాతికి చెందిన ఒక సూక్ష్మజీవి పిల్లదశ ద్వారా సోకే స్క్రబ్ టైఫస్ విషయంలో ఈ సూత్రం అన్ని ప్రాంతాలకూ ఒకే తీరున వర్తించదు. చలి అడ్డుగా నిలిచిన ప్రాంతాలలో భూతాపం ఆ అడ్డును తొలగిస్తుంది. ఇప్పటికే వేడిగా ఉన్న గోదావరి డెల్టాలో మాత్రం వాన కురిసే కాలం, నేలలోని తడి, గట్ల మీది గడ్డి, ఎలుకల సంచారం, కోతల వేళ అనేవి వ్యాధి గతిని నిర్ణయిస్తాయి. పశ్చిమగోదావరి జిల్లా పెనుగొండ పరిసరాల వ్యవసాయ జీవనాన్ని ఆధారం చేసుకొని ఈ సంబంధాన్ని వివరించడం, సకాలంలో జ్వరాన్ని గుర్తించడానికి ఆ అవగాహన ఎలా తోడ్పడుతుందో చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: స్క్రబ్ టైఫస్, చిగ్గర్, భూతాపం, గోదావరి డెల్టా, పెనుగొండ, సార్వా, ఎలుకలు, తుఫానులు, ప్రజారోగ్యం.

1. ఉపోద్ఘాతం

పశ్చిమగోదావరి జిల్లాలోని పెనుగొండ వాసవీ కన్యకాపరమేశ్వరి క్షేత్రంగా ప్రసిద్ధం. ఊరి చుట్టూ ఉన్నది వరి సీమ. తూర్పున వసిష్ఠ గోదావరి పాయ, దాని ఒడిలో లంకభూములు, పడమరగా కాలువలు, కొబ్బరితోటలు, చేపల చెరువులు ఇక్కడి నేల స్వరూపం. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847–1852 మధ్య ధవళేశ్వరం వద్ద నిర్మించిన ఆనకట్ట నుండి బయలుదేరే పశ్చిమ డెల్టా కాలువలు ఈ సీమను రెండు పంటల సీమగా మార్చాయి. వానకాలపు పంటను సార్వా అనీ, ఆ తరువాతి పంటను దాళ్వా అనీ ఇక్కడివారు వ్యవహరిస్తారు.

ఈ నేలకు జ్వరాలు కొత్త కావు. వానలు మొదలైతే మలేరియా, డెంగీ, టైఫాయిడ్ అనే మాటలు వినవస్తాయి. ఇటీవలి సంవత్సరాలలో ఆ వరుసలో స్క్రబ్ టైఫస్ అనే పేరు కూడా చేరింది. 2011, 2012 సంవత్సరాలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ జ్వరం ప్రబలిన తీరును హైదరాబాదులోని నిజాం వైద్యవిజ్ఞాన సంస్థ వైద్యులు నమోదు చేశారు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్యవిజ్ఞాన సంస్థ నుండి కూడా అధ్యయనాలు వెలువడ్డాయి. 2025 చివరి నెలలలో రాష్ట్రంలోని పలు జిల్లాల కేసులతో ఈ జబ్బు పేరు మళ్లీ వార్తలకెక్కింది.

అదే సంవత్సరం అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం సమీపంలో తీరం దాటింది. తుఫాను వెంట జ్వరం వచ్చినంతమాత్రాన రెండింటికీ కార్యకారణ సంబంధం అంటగట్టడం తొందరపాటు. తుఫాను రాని సంవత్సరాలలో కూడా దక్షిణభారతంలో ఈ జ్వరం ఆ నెలలలోనే హెచ్చుతుంది. కనుక అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఈ జ్వరానికి ఆ కాలమే ఎందుకు అనుకూలం? వాతావరణం వేడెక్కుతుంటే ఆ కాలం ఎలా మారుతుంది? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం వాహకజీవి జీవితచక్రంలో, డెల్టా పొలాల స్వభావంలో లభిస్తుంది.

2. వాహకజీవి: గుర్తింపు, జీవితచక్రం

2.1. నల్లి అనే మాట. తెలుగులో 'నల్లి' అనే మాటకు మంచంలో ఉండే రక్తం తాగే పురుగు అని ఒక అర్థం. వ్యవసాయంలో మరొక అర్థం ఉంది. మొక్కల రసం పీల్చే, కంటికి ఆనని ఎనిమిది కాళ్ల జీవులను రైతులు ఎర్రనల్లి, కంకినల్లి అని పిలుస్తారు. వరి గింజలను తాలుగా మార్చే కంకినల్లి గోదావరి రైతుకు పరిచయమైన తెగులే. మనిషి చర్మంలో బొరియలు చేసి గజ్జిని కలిగించే పురుగు కూడా ఈ వర్గానిదే. స్క్రబ్ టైఫస్‌ను మోసుకువచ్చేది ఈ రెండూ కాదు. అది నేలలో బతికే ట్రాంబిక్యులిడ్ కుటుంబానికి చెందిన నల్లి. భారతదేశంలో ఈ వ్యాధికి ముఖ్యవాహకంగా గుర్తించిన జాతి లెప్టోట్రాంబిడియం డెలియెన్స్. పశువుల ఒంటిని పట్టుకొని ఉండే పిడుదులు వేరు. 1957లో కర్ణాటకలో బయటపడిన క్యాసనూరు అటవీ జ్వరం పిడుదుల ద్వారా సోకేది. వాహకాలు వేరు కనుక ఈ రెండు జబ్బుల నివారణ మార్గాలూ వేరు.

2.2. ఒక్కసారి మాత్రమే కుట్టే జీవి. ఈ నల్లి గుడ్డు, డింభకం, శాబకం, ప్రౌఢజీవి అనే దశలలో పెరుగుతుంది. శాబకానికీ ప్రౌఢజీవికీ ఎనిమిది కాళ్లు ఉంటాయి. అవి మట్టిలోనే ఉండి చిన్నచిన్న పురుగుల గుడ్లను తిని బతుకుతాయి, మనిషి జోలికి రావు. ఆరు కాళ్ల డింభకం మాత్రమే జంతువును ఆశ్రయిస్తుంది. దీనినే చిగ్గర్ అంటారు. దీని పరిమాణం మిల్లీమీటరులో ఐదవవంతు. గుడ్డు నుండి బయటికి వచ్చిన చిగ్గర్లు గడ్డిపోచల కొసల మీద, రాలిన ఆకుల మీద గుంపుగా చేరి అటుగా వచ్చే జంతువు కోసం కాచుకొని ఉంటాయి. ఎలుక గానీ మనిషి గానీ తగిలితే పైకి పాకి, చర్మం పలుచగా ఉన్నచోట లేదా బట్ట బిగుతుగా అడ్డుపడినచోట ఆగి కుడతాయి. అవి పీల్చేది రక్తం కాదు, లాలాజలంతో కరిగించిన చర్మకణజాల ద్రవం. కొన్ని రోజులు పీల్చి, నిండిన పొట్టతో నేల మీదికి రాలిపోతాయి. ఆ కాటు నొప్పి పుట్టదు గనుక చాలామందికి కుట్టిన సంగతే తెలియదు.

చిగ్గర్ తన జీవితంలో ఒక్కసారి మాత్రమే జంతువు మీద ఆహారం తీసుకుంటుంది. అట్లయితే ఒక జంతువు నుండి మరొక జంతువుకు రోగకారకాన్ని అది ఎలా అందించగలదు? వ్యాధికి కారణమైన ఓరియెన్షియా సుట్సుగాముషి అనే బాక్టీరియా తల్లి నల్లి నుండి గుడ్డులోకి, గుడ్డు నుండి డింభకంలోకి దిగుతుంది. అంటే చిగ్గర్ పుట్టుకతోనే రోగకారకాన్ని మోసుకువస్తుంది. వాహకమూ అదే, నిలవస్థానమూ అదే. దోమ విషయంలో జబ్బు ఉన్న మనిషిని కుట్టిన తరువాతనే ఆ దోమ ప్రమాదకరమవుతుంది. ఇక్కడ మనిషికి జబ్బు ఉందా లేదా అన్నదానితో పనిలేదు. ఒకరి నుండి మరొకరికి ఈ జ్వరం అంటుకోదు. ఏ గట్టు మీద రోగకారకమున్న నల్లుల సంతతి స్థిరపడితే ఆ గట్టే ఏటేటా ప్రమాదస్థలంగా మిగులుతుంది.

2.3. నల్లుల దీవులు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో అస్సాం–బర్మా సరిహద్దులో పోరాడిన సైనికులను ఈ జ్వరం తీవ్రంగా పీడించింది. అక్కడ, ఆ తరువాత మలయాలో పరిశోధించిన జె.ఆర్. ఆడీ ఒక విశేషాన్ని గుర్తించాడు. నల్లులు నేల అంతటా సమంగా పరచుకొని ఉండవు. తగిన తడి, నీడ, గడ్డి, ఎలుకలు కలిసివచ్చిన చిన్నచిన్న తావులలో కిక్కిరిసి ఉంటాయి. ఆ తావులను 'నల్లుల దీవులు' అన్నారు. ఒక గట్టు మీద కూర్చున్నవారికి జ్వరం వచ్చి, పది బారల దూరంలో కూర్చున్నవారికి రాకపోవడానికి ఇదే కారణం. పొలమంతా నీటితో నిండే డెల్టాలో ఈ దీవి అనే భావన మరింత స్పష్టంగా అర్థమవుతుంది.

3. ఉష్ణోగ్రత చేసే పని

భూతాపం ప్రభావాన్ని అంచనా వేసేటప్పుడు చలిప్రాంతాలను, వేడిప్రాంతాలను వేరుచేసి చూడాలి.

నల్లి శరీరానికి సొంత వేడి లేదు. చుట్టూ ఉన్న నేల ఎంత వెచ్చగా ఉంటే దాని గుడ్లు అంత త్వరగా పొదుగుతాయి. ఒక హద్దు వరకు వెచ్చదనం పెరిగితే తరాల మధ్య వ్యవధి తగ్గుతుంది. శీతాకాలంలో నేల చల్లబడే కొరియా, జపాన్, ఉత్తర చైనా వంటి చోట్ల నల్లులకు దొరికే అదను చిన్నది. అక్కడ శరదృతువు కొద్దిగా వెచ్చబడినా ఆ అదను పెరుగుతుంది. చైనాలో యాంగ్సీ నదికి ఉత్తరాన ఉన్న షాన్‌డాంగ్ రాష్ట్రంలో 1986లో ఈ వ్యాధి బయటపడి, తరువాతి దశాబ్దాలలో ఉత్తర భూభాగాలలో స్థిరపడింది. దీనికి వ్యవసాయ మార్పులు, పరీక్షా సదుపాయాలు పెరగడం వంటి ఇతర కారణాలు కూడా ఉన్నాయి. అయినా చలి సరిహద్దుల వద్ద వెచ్చదనం వ్యాధికి దారి సుగమం చేస్తుందన్న సూత్రం జీవశాస్త్రరీత్యా నిలుస్తుంది. భారతదేశంలో హిమాలయ పాదప్రాంతాలకు, తెలుగు నేలలో అరకు, లంబసింగి వంటి చల్లని కొండప్రాంతాలకు ఈ సూత్రం వర్తించే అవకాశం ఎక్కువ.

పెనుగొండ పరిస్థితి వేరు. ఇక్కడ నల్లికి చలి ఎన్నడూ అడ్డు కాదు. వైశాఖ జ్యేష్ఠ మాసాలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి. దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు, నల్లరేగడి నేల బీటలు వారుతుంది, గట్టు మీది గడ్డి ఎండిపోతుంది. అంత సూక్ష్మమైన డింభకం పొడిగాలిలో తన ఒంటి నీటిని నిలుపుకోలేదు. ప్రయోగశాలలలో ఈ నల్లులను పెంచే పద్ధతి ఈ విషయాన్ని స్పష్టం చేస్తుంది. పాత్ర అడుగున ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ను బొగ్గుపొడితో కలిపి పోతపోసి, దానిని ఎల్లవేళలా తడిగా ఉంచుతారు. ఆ తడి ఆరిపోతే సంతతి నశిస్తుంది. కనుక డెల్టాలో వేసవి మరింత ముదిరితే ఆ కొన్ని నెలలు నల్లులకు గడ్డుకాలమే అవుతుంది.

చిత్తూరు జిల్లాకు పొరుగున ఉన్న వేలూరులో 15 సంవత్సరాల కేసులను వాతావరణ వివరాలతో పోల్చి 2024లో ప్రచురించిన అధ్యయనం ఇదే దిశను చూపుతుంది. వాన, గాలిలో తేమ పెరిగినప్పుడు కేసులు పెరిగాయి. సగటు ఉష్ణోగ్రత హెచ్చిన నెలలలో తగ్గాయి. ఆగస్టు నుండి ఫిబ్రవరి వరకు ఉన్న నెలలలో జ్వరాలు అధికంగా నమోదయ్యాయి.

ఈ ఫలితాన్ని చదవడంలో ఒక జాగ్రత్త అవసరం. వేడి నెలలలో కేసులు తగ్గుతున్నాయి కనుక భూతాపం వల్ల ఈ జబ్బు తగ్గుతుందని తేల్చడం పొరపాటు. ఆ పోలిక ఒకే సంవత్సరంలోని నెలల మధ్య ఉన్న తేడాను చూపుతుంది. మే నెలకూ డిసెంబరుకూ ఉన్న తేడా పది డిగ్రీలకు పైబడి ఉండవచ్చు. దానితోపాటు వాన, గడ్డి, పొలం పని అన్నీ మారుతాయి. భూతాపం తెచ్చే మార్పు దశాబ్దాల మీద ఒక డిగ్రీ లోపునో, కొద్దిగా పైనో ఉంటుంది. భారత భూవిజ్ఞాన మంత్రిత్వశాఖ 2020లో వెలువరించిన నివేదిక ప్రకారం 1901–2018 మధ్య దేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగింది. కార్తీక మార్గశిరాలలో డెల్టా పగలు 30 డిగ్రీల చుట్టూ, రాత్రి 20 డిగ్రీల చుట్టూ ఉంటుంది. ఇది నల్లికి మిక్కిలి అనుకూలమైన వెచ్చదనం. దానికి ఒక డిగ్రీ చేర్చినా ఆ అనుకూలత పోదు. అందువల్ల డెల్టాలో మే నెల ఎంత మండిందన్న లెక్క కంటే, నవంబరు డిసెంబరులలో నేల ఎంతకాలం తడిగా ఉందన్న లెక్క ముఖ్యం.

4. వాన, తుఫాను, వరద

4.1. వాన స్వభావంలో మార్పు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది పట్టి ఉంచగల నీటి ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. దీనివల్ల రెండు వ్యతిరేక ఫలితాలు కలుగుతాయి. వాన లేని రోజులలో గాలి నేల నుండి తడిని ఎక్కువగా లాగుతుంది. వాన పడిన రోజున ఒక్కుమ్మడిగా కుమ్మరిస్తుంది. పైన పేర్కొన్న నివేదిక ప్రకారమే 1951–2015 మధ్య దేశంలో నైరుతి ఋతుపవన వర్షపాతం సుమారు 6 శాతం తగ్గింది. మధ్యభారతంలో ఒకేరోజు 150 మిల్లీమీటర్లు మించి కురిసే వానలు మాత్రం 1950–2015 మధ్య సుమారు 75 శాతం పెరిగాయి. ఉష్ణమండల హిందూమహాసముద్రపు ఉపరితల జలాలు 1951–2015 మధ్య సుమారు ఒక డిగ్రీ వేడెక్కాయి. బంగాళాఖాతపు తుఫానులకు శక్తినిచ్చేది ఈ వెచ్చని నీరే.

4.2. కోతల వేళ తుఫాను. గోదావరి జిల్లాలకు తుఫానుల కాలం అక్టోబరు నుండి డిసెంబరు వరకు. 1996 నవంబరు 6న కోనసీమను అతలాకుతలం చేసిన తుఫాను, 2013 నవంబరులో వచ్చిన హెలెన్, 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్, 2025 అక్టోబరులోని మొంథా అన్నీ సార్వా పైరు పొట్ట మీదనో, కంకి మీదనో, పనల మీదనో ఉన్నప్పుడు వచ్చినవే. పంటనష్టం లెక్క అందరికీ కనిపిస్తుంది. ఆరోగ్యపు లెక్క వెంటనే కనిపించదు.

ఇటీవల డెల్టాలో వరికోతలు చాలావరకు యంత్రాలతో సాగుతున్నాయి. యంత్రం వచ్చిన తరువాత మనిషికీ గడ్డికీ మధ్య సంపర్కం తగ్గింది. తుఫాను గాలికి పైరు నేలవాలి, మడిలో నీరు నిలిచినప్పుడు ఈ వెసులుబాటు పోతుంది. యంత్రం దిగబడుతుంది, లేదా పడిపోయిన పైరును ఎత్తలేదు. అప్పుడు కొడవలి పట్టక తప్పదు. వాలిన దుబ్బులను పైకిలేపి కట్టడం, తడిసిన పనలను గట్టు మీదికి మోసి తిరగవేయడం, ధాన్యాన్ని కాలువగట్టున ఆరబోసి రాత్రిళ్లు కాపలా పడుకోవడం వంటివన్నీ మనిషిని రోజుల తరబడి తడిగడ్డి మీద నిలిపే పనులు. అదే సమయంలో మడులు మునగడంతో ఎలుకలు కూడా గట్ల మీదికి చేరతాయి. నల్లి, ఎలుక, మనిషి ఒకే ఇరుకు నేల మీదికి వస్తారు. తుఫాను చిగ్గర్‌ను కొత్తగా పుట్టించదు. అప్పటికే ఉన్న చిగ్గర్‌కు మనిషిని దగ్గర చేస్తుంది.

4.3. వరద. నీట మునిగిన నేల నల్లికి పనికిరాదు. దానికి తడి కావాలి, ముంపు కాదు. గోదావరికి 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. 2022లో జులై నెలలోనే వరద 25 లక్షల క్యూసెక్కులు దాటి ఆచంట, యలమంచిలి మండలాల లంకగ్రామాలను ముంచింది. ముంపు కాలంలో లంకలలోని నల్లుల దీవులు కొంత చెదరిపోవచ్చు. వరద తీసిన తరువాత ఒండ్రు మీద దట్టంగా లేచే గడ్డి, తుప్పలు, తిరిగివచ్చే ఎలుకలు ఆ తావులను మళ్లీ అనుకూలంగా మారుస్తాయి. వాన నుండి గడ్డికి, గడ్డి నుండి గుడ్డుకు, గుడ్డు నుండి చిగ్గర్‌కు, కాటు నుండి జ్వరానికి వారాల వ్యవధి పడుతుంది. కాటు పడ్డాక జ్వరం రావడానికే 6 నుండి 21 రోజులు పడుతుంది. అందుచేత జ్వరాల సంఖ్య వాననాటి లెక్కతో కాక, ఒకటి రెండు నెలల ముందటి వానతో సరిపోల్చి చూడవలసినది.

5. పెనుగొండ పొలాలలో గట్టు, ఎలుక, మనిషి

నీటితో నిండిన వరిమడి మధ్య పొడిగా ఉండే చోటు గట్టు ఒక్కటే. కాలువగట్లు, బోదెగట్లు, చేపల చెరువుల గట్లు, కొబ్బరితోటల అడుగునేల, అరటితోటల చాళ్లు ఏడాది పొడవునా కొద్దోగొప్పో తడిగా, నీడగా, గడ్డితో ఉంటాయి. వేసవిలో పొలం బీటలు వారినా చెరువుగట్టు అడుగున తడి ఆరదు. ఆ తావులు నల్లులకు వేసవి విడుదుల వంటివి. తొలకరి వానలతో అక్కడి నుండే సంతతి మళ్లీ విస్తరిస్తుంది. చెరువుల తవ్వకం పెరిగేకొద్దీ గట్ల మొత్తం పొడవు కూడా పెరుగుతుంది కనుక, వాతావరణ మార్పును భూవినియోగ మార్పు నుండి విడదీసి చూడడం సాధ్యం కాదు.

ఈ గట్లలో బొరియలు చేసుకొని ఉండేది ఎలుక. పెనుగొండకు సమీపంలో, 1925లో మొదలైన మారుటేరు వ్యవసాయ పరిశోధనా స్థానం వరి వంగడాలకు, ముఖ్యంగా 1982లో విడుదలైన స్వర్ణకు ప్రసిద్ధి. ఎలుకల నివారణకు సంబంధించిన అఖిలభారత పరిశోధనలో కూడా అది ఒక కేంద్రం. డెల్టా పొలాలలో పందికొక్కు జాతికి చెందిన చిన్న పందికొక్కు, మెత్తని బొచ్చు గల పొలం ఎలుక, చిట్టెలుక ప్రధానంగా కనిపిస్తాయి. వీటిని వ్యవసాయశాస్త్రం పంటశత్రువులుగా చూస్తుంది. వైద్యశాస్త్రం దృష్టిలో ఇవి చిగ్గర్లకు అన్నదాతలు. ఈ రెండు చూపులూ కలవవలసిన చోటు గట్టు.

ఎలుకలను చంపితే జబ్బు పోతుందా అన్న ప్రశ్న సహజం. రోగకారకం తల్లి నల్లి నుండి బిడ్డ నల్లికి దిగుతుంది కనుక, ఎలుకలు తగ్గిన వెంటనే ప్రమాదం తొలగదు. కాచుకొని ఉన్న చిగ్గర్లకు ఎలుక దొరకకపోతే గట్టు మీదికి వచ్చిన మనిషే దొరుకుతాడు. సామూహిక ఎలుకల నివారణను గట్ల మీది గడ్డి కోతతో కలిపి, పంట తొలిదశలోనే చేపట్టడం రెండు ప్రయోజనాలనూ నెరవేరుస్తుంది.

ఈ వ్యాధి బారిన పడేవారిలో ఎక్కువమంది పొలం పనివారు. ఊడ్పులు, కలుపుతీత స్త్రీల చేతుల మీదుగా జరుగుతాయి. మధ్యాహ్నం క్యారేజీ విప్పి కూర్చునేది గట్టు మీదే. పశువులకు పచ్చగడ్డి కోసి మోపు కట్టి తలమీద పెట్టుకొని తెచ్చేవారికి చిగ్గర్ సంపర్కం మరింత ఎక్కువ. కూలికి వెళ్లే స్త్రీలు చీర మీద పాత పొడుగుచేతుల చొక్కా తొడుక్కోవడం డెల్టాలో పరిపాటి. ఎండకు, వరి ఆకు కోతకు రక్షణగా వచ్చిన ఈ అలవాటు చిగ్గర్ నుండి కూడా కొంత కాపాడుతుంది.

తమిళనాడు గ్రామాలలో వేలమందిని రెండు సంవత్సరాలపాటు పరిశీలించి 2025లో ప్రచురించిన అధ్యయనం ఒక ముఖ్యవిషయాన్ని వెల్లడించింది. వ్యాధి ఉన్న గ్రామాలలో ఏటా పదిమందిలో ఒకరి దాకా ఈ బాక్టీరియా సోకుతున్నది. వారిలో అత్యధికులకు పెద్ద జబ్బేమీ చేయదు. కొందరికి మాత్రం ప్రాణాంతకమవుతుంది. అంటే ఆసుపత్రికి చేరిన కేసుల లెక్క నేలలో ఉన్న వ్యాధి లెక్క కాదు.

6. జ్వరాన్ని గుర్తించడం

టైఫస్, టైఫాయిడ్ అనే పేర్లు వినడానికి దగ్గరగా ఉన్నా ఆ రెండు జబ్బులకూ సంబంధం లేదు. టైఫాయిడ్ కలుషితమైన ఆహారం, నీటి ద్వారా వచ్చేది. స్క్రబ్ టైఫస్ చిగ్గర్ కాటుతో వచ్చేది. తీవ్రజ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు, గ్రంథుల వాపు, కొందరిలో దద్దుర్లు దీని లక్షణాలు. రక్తంలో ప్లేట్‌లెట్లు తగ్గడం ఇందులోనూ ఉంటుంది కనుక డెంగీ అని భ్రమపడే అవకాశం ఉంది. రెండవ వారానికి ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, కాలేయం, మెదడు దెబ్బతినవచ్చు. ఉత్తరప్రదేశ్‌లోని గోరఖ్‌పూర్ ప్రాంతంలో ఏళ్ల తరబడి పిల్లలను బలిగొన్న మెదడువాపు జ్వరాలలో అధికభాగానికి స్క్రబ్ టైఫస్ సంబంధం ఉన్నట్లు గత దశాబ్దపు పరిశోధనలు తేల్చాయి. దోమల మీద దృష్టి నిలిపి ఉంచినంతకాలం గడ్డి మీది శత్రువు కనిపించలేదు.

చిగ్గర్ కుట్టినచోట సిగరెట్టుతో కాల్చినట్లు కనిపించే నల్లని పెచ్చు ఈ వ్యాధికి ప్రత్యేకమైన గుర్తు. దీనిని వైద్యులు ఎస్కార్ అంటారు. చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, మోకాలి వెనుక, మొలతాడు లేదా లంగాబొందు బిగిసే నడుము చుట్టూ దానిని వెదకాలి. చెమట పట్టే చోట్ల నల్లని పెచ్చు కట్టక తేలికపాటి పుండుగానే ఉండవచ్చు. అది నొప్పి పుట్టదు, దురద పెట్టదు. రోగి చెప్పడు, వైద్యుడు బట్ట తొలగించి చూడకపోతే దొరకదు. స్త్రీలలో ఈ పరీక్షకు స్త్రీ ఆరోగ్యకార్యకర్త సహాయం ఉంటే గుర్తింపు సులువవుతుంది. పెచ్చు కనిపించలేదు కనుక ఈ జబ్బు కాదనడానికీ వీలులేదు.

చికిత్స చవకైనది, మండల స్థాయిలో దొరికేది. డాక్సీసైక్లిన్ లేదా అజిత్రోమైసిన్ సకాలంలో మొదలుపెడితే చాలామందికి రెండు రోజులలో జ్వరం దిగుతుంది. గర్భిణులకు అజిత్రోమైసిన్ వాడతారు. పెనిసిలిన్, సెఫలోస్పోరిన్ వర్గపు సూదిమందులు ఈ బాక్టీరియా మీద పనిచేయవు. టైఫాయిడ్ అనుకొని ఆ సూదులతో వారం గడిపితే విలువైన కాలం పోతుంది. చికిత్స అందనివారిలో మరణాల రేటు అధ్యయనాల మధ్యమ విలువగా 6 శాతం చుట్టూ ఉంది, కొన్నిచోట్ల అంతకు ఎన్నో రెట్లు. తీవ్రదశలో చేరిన రోగులకు ఈ రెండు మందులనూ నరం ద్వారా కలిపి ఇవ్వడం ఒక్కొక్కటిగా ఇవ్వడం కంటే మేలని భారతదేశంలోని ఏడు ఆసుపత్రులలో జరిగి 2023లో వెలువడిన పరీక్ష నిరూపించింది. ఐజీఎం ఎలైజా నిర్ధారణకు తోడ్పడుతుంది. అయితే భారత వైద్య పరిశోధనా మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు అనుమానం బలంగా ఉన్నప్పుడు పరీక్షాఫలితం కోసం ఆగకుండా చికిత్స మొదలుపెట్టాలని సూచిస్తున్నాయి. రోగకారకంలో అనేక రకాలు ఉండడం వల్ల ఇంతవరకు టీకా రూపొందలేదు. అందుచేత సకాలపు గుర్తింపే ప్రాణరక్షణ.

7. సన్నద్ధత: కాలం, స్థలం, వ్యక్తి

పై చర్చ నుండి డెల్టాకు తగిన సన్నద్ధతను మూడు భాగాలుగా చెప్పవచ్చు.

7.1. కాలం. ఆగస్టు నుండి ఫిబ్రవరి వరకు ఐదు రోజులు మించిన జ్వరంతో వచ్చిన ప్రతి పొలం కూలీ విషయంలో స్క్రబ్ టైఫస్‌ను తలచుకోవాలి. తుఫాను లేదా అకాలవర్షం కోతల మీద పడిన సంవత్సరంలో, వాన వెలిసిన రెండవ వారం నుండి రెండు నెలలపాటు ఈ అప్రమత్తత హెచ్చించాలి. డిసెంబరులోనూ వానలు కురిసే సంవత్సరాలు పెరిగితే ప్రమాదకాలం దాళ్వా ఊడ్పులలోకి సాగుతుంది. పంచాంగపు నెలను బట్టి కాక, వాన వెలిసిన తేదీని బట్టి అప్రమత్తతను లెక్కించడం వాతావరణ మార్పుకు తగిన పద్ధతి.

7.2. స్థలం. ఒక జ్వరం నిర్ధారణ అయితే రోగి ఊరిపేరుతోపాటు గత మూడు వారాలలో పనిచేసిన గట్టు, తోట, లంక వివరాలను నమోదు చేయాలి. రోగకారకం ఆ తావులోనే తరతరాలుగా నిలిచి ఉంటుంది కనుక ఆ నమోదు మరుసటి సంవత్సరానికి కూడా ఉపయోగపడుతుంది. ఇళ్ల చుట్టూ, బడుల ఆవరణలలో, గడ్డివాముల పక్కన తుప్పలు కొట్టించడం, గడ్డి పొట్టిగా ఉంచి ఎండ తగలనివ్వడం నల్లుల దీవులను కుదిస్తుంది.

7.3. వ్యక్తి. గడ్డి మీద నేరుగా కూర్చోక, పడుకోక పట్టా గానీ గోనె గానీ పరచుకోవడం, ఒంటినిండా బట్ట కట్టుకోవడం, పని నుండి రాగానే సబ్బుతో ఒళ్లు రుద్దుకొని స్నానం చేయడం, ఆ బట్టలను వేడినీటిలో ఉతకడం, ఉతికిన బట్టలను గడ్డి మీద ఆరవేయకపోవడం ఆచరణసాధ్యమైనవి. చిగ్గర్ ఒంటిమీద చోటు చూసుకొని కుదురుకోవడానికి కొంత సమయం పడుతుంది గనుక పని ముగిసిన వెంటనే చేసే స్నానానికి విలువ ఉంది. ఆశా కార్యకర్త, గ్రామంలోని ప్రథమచికిత్సకుడు, మందుల దుకాణదారుడు ఈ పేరు తెలిసినవారై ఉంటే రోగి సరైన చోటికి ఒక వారం ముందు చేరుతాడు.

8. ముగింపు

భూతాపం స్క్రబ్ టైఫస్ మీద చూపే ప్రభావం ప్రాంతాన్ని బట్టి వేర్వేరు మార్గాలలో నడుస్తుంది. చలిసీమలలో వెచ్చదనమే ద్వారం తెరుస్తుంది. పెనుగొండ వంటి డెల్టా సీమలో ఆ ద్వారం ఎప్పుడూ తెరిచే ఉంది. అక్కడ భూతాపం పనిచేసేది వాన ద్వారా, తుఫాను వచ్చే వేళ ద్వారా, తడిసిన గట్టు మీదికి మనిషిని తిరిగి పంపే పడిపోయిన పైరు ద్వారా. వేసవి తీవ్రత నల్లులను కొంతకాలం అణచినా, చెరువుగట్లు, తోటలు వాటికి ఆశ్రయమిస్తాయి. కార్తీకం నుండి పుష్యం వరకు తడి ఎంత నిలుస్తుందన్నదే ఆ సంవత్సరపు జ్వరాల తీరును నిర్దేశిస్తుంది. మారుటేరు వంటి వ్యవసాయ కేంద్రాల ఎలుకల లెక్కలు, వాతావరణశాఖ వాన లెక్కలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల జ్వరాల లెక్కలు ఒకేచోట చేరితే ఈ తీరును ముందుగా పసిగట్టడం సాధ్యమవుతుంది. వాతావరణాన్ని ఒక మండలం మార్చలేదు. కానీ కోతల తరువాత జ్వరంతో వచ్చిన కూలీ నడుము దగ్గర నల్లని పెచ్చు ఉందేమో చూడడం, ఉంటే ఆనాడే మందు మొదలుపెట్టడం ఏ మండలానికైనా సాధ్యమే.